గొలుసుకట్టు చెరువులకు గ్రాఫ్ గీసేముందు: ఏ చేప? ఏ నెల?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వరంగల్ వైపు ఒక వాగు మీదున్న 23 గొలుసుకట్టు చెరువులు తీసుకున్నారు. ఒక్కో చెరువును ఒక నోడ్‌గా (చుక్కగా), చెరువు నుంచి చెరువుకు పారే వాగును ఎడ్జ్‌గా (గీతగా) పెట్టి గ్రాఫ్ గీశారు. నెట్‌వర్క్‌ఎక్స్ అనే పైథాన్ ప్యాకేజీలో బిట్వీన్‌నెస్ లెక్కిస్తే, రెండు పాయలు కలిసేచోట ఉన్న చెరువుకు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. గైడ్ "అయితే ఏంటి?" అన్నారు. చేపల రాకపోకలకు ఏ చెరువు ముఖ్యమో, ఏ చెక్‌డ్యామ్ దగ్గర దారి వదిలితే లాభమో ఈ గ్రాఫ్ చూసి చెప్పొచ్చా అని మీ సందేహం.

చెప్పొచ్చు, కానీ ఇప్పుడు మీ దగ్గరున్న గ్రాఫ్ చూసి కాదు. మీ గైడ్ అడిగింది సరైన ప్రశ్నే, టెన్షన్ పడకండి. పదిహేనేళ్లుగా నదుల మ్యాపులతో కుస్తీ పడుతున్నాను, నేనూ మొదట్లో ఇదే చేశాను.

ముందు ఆ బిట్వీన్‌నెస్ సంగతి తేల్చేద్దాం. ఏడు చెరువులు ఒకే వరుసలో ఉన్నాయనుకోండి. మిగతా చెరువుల జంటల్లో ఎన్నిటికి దారి ఈ చెరువు మీదుగానే పోతుంది అన్నదే దాని బిట్వీన్‌నెస్. నాలుగో చెరువుకు పైన మూడు, కింద మూడు ఉన్నాయి కాబట్టి 3×3, అంటే 9. రెండోదానికి పైన ఒకటి, కింద ఐదు, కాబట్టి 5. రెండు కొసలకూ సున్నా. ఇందులో నీళ్లు లేవు, చేప లేదు, వాన లేదు. నడిమధ్యన ఉన్నందుకు నాలుగో చెరువుకు మార్కులు పడ్డాయి, అంతే. పాయలు కలిసేచోట ఉన్న మీ చెరువుకు ఎక్కువ రావడానికీ కారణం ఇదే. ఆ సంగతి మ్యాపు చూసి చిన్నపిల్లాడైనా చెప్తాడు, దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

ఈ కొలతలు పుట్టింది రోడ్లు, స్నేహాలు, విమాన మార్గాల్లాంటి చోట్ల. అక్కడ ఒక దారి మూసుకుపోతే ఇంకోటి ఉంటుంది. జీవావరణ శాస్త్రంలోకి గ్రాఫులు బాగా వచ్చింది కూడా అడవి ముక్కల లెక్కలతోనే. డీన్ అర్బన్, తిమోతీ కీట్ 2001లో రాసిన వ్యాసం ఆ దారి వేసింది. అడవిలో ఒక పక్షి ఈ తోపు కాకపోతే ఆ తోపు మీదుగా చుట్టు తిరిగి పోగలదు. వాగులో చేపకు ఆ వెసులుబాటు లేదు. వాగు చెట్టు కొమ్మల్లా ఉంటుంది, ఏ రెండు చోట్ల మధ్య అయినా దారి ఒక్కటే. గ్రాఫ్ వాళ్లు దీన్ని 'ట్రీ' అనే అంటారు. ట్రీలో ఏ గీత తెగినా గ్రాఫ్ రెండు ముక్కలవుతుంది. కాబట్టి "ఏది తెగితే విడిపోతుంది" అని అడగడం దండగ. "తెగితే ఎంత పోతుంది, ఎవరికి పోతుంది" అని అడగాలి.

ఆ 'ఎవరికి' అన్నది ఎంత తేడా తెస్తుందో చేత్తో లెక్కేసి చూపిస్తాను, నోట్‌బుక్ తీయండి. వంద కిలోమీటర్ల నది, దాని మీద ఒకే ఆనకట్ట, దాన్ని ఏ చేపా దాటలేదు అనుకుందాం. కెనడాకు చెందిన డేవిడ్ కోట్, ఆయన తోటివాళ్లు 2009లో ఇచ్చిన డెండ్రిటిక్ కనెక్టివిటీ ఇండెక్స్ ఇక్కడ పనికొస్తుంది. నదిలో ఏవైనా రెండు చోట్లు గుడ్డిగా ఎంచుకుంటే, ఒక చోటున్న చేప రెండో చోటికి పోగలిగే అవకాశం ఎంత అన్నదే దాని సారం. ఆనకట్ట సరిగ్గా మధ్యలో ఉంటే రెండు ముక్కలూ సగం సగం. 0.5 వర్గం ప్లస్ 0.5 వర్గం, అంటే 0.5. ఆ నది స్కోరు నూటికి 50. అదే ఆనకట్ట సముద్రానికి 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే 0.1 వర్గం ప్లస్ 0.9 వర్గం, స్కోరు 82. సముద్రానికి 90 కిలోమీటర్ల ఎగువన ఉన్నా అదే 82. నదిలోనే పుట్టి నదిలోనే బతికే చేపకు ఈ రెండు ఆనకట్టల మధ్య తేడా లేదు.

ఇప్పుడు సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపకు లెక్క వేయండి. దానికి కావలసింది సముద్రం నుంచి చేరుకోగలిగిన నది పొడవు మాత్రమే. ఆనకట్ట 90 కిలోమీటర్ల పైన ఉంటే స్కోరు 90. పది కిలోమీటర్ల దగ్గరుంటే పదే. అదే నది, అదే గోడ, ఒక చేపకు 82, ఇంకో చేపకు 10.

రెండో చేప ఎవరో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. పులస. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఇలస, వరద నీటికి గోదావరిలోకి ఎదురెక్కాక పులస. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. అందులో సముద్రానికి దగ్గరగా, నది గౌతమి, వశిష్ఠలుగా చీలే ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, 1852 నాటికి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాతది. ఎగువన ఉండే బొచ్చెకో, వాలుగకో దిగువన గోడ ఉన్నా పెద్దగా పోయేది లేదు. పులసకు మాత్రం అదే ముఖద్వారం. గంగలోనూ ఇదే కథ. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలవక ముందు ఇలస అలహాబాద్ దాటి పైకి పోయేదని పాత రికార్డులన్నీ చెబుతాయి.

అయితే ధవళేశ్వరం గీతకు సున్నా పెట్టేస్తే అదీ తప్పే. బ్యారేజీకి 175 గేట్లున్నాయి. పెద్ద వరద వచ్చినప్పుడు గేట్లన్నీ ఎత్తేస్తారు, ఆ కొన్ని రోజులు గోడలో దారి ఉంటుంది. నీటి వేగం మాత్రం భయంకరంగా ఉంటుంది, పైగా పులస సాల్మన్‌లా ఎగిరి దూకే చేప కాదు. కాబట్టి ఆ గీతకు రాయాల్సింది సున్నానో ఒకటో కాదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎన్ని రోజులు గేట్లు తెరిచి ఉన్నాయి, ఆ రోజుల్లో ఈదగలిగే వేగం ఎన్ని గంటలుంది అన్నది. ఇలాంటి అంకె ఒకటి పెట్టాక గ్రాఫ్‌కు ప్రాణం వస్తుంది.

ఇక మీ చెరువులకు వద్దాం. చెప్పాల్సింది ఎక్కువున్నది ఇక్కడే.

మీ గ్రాఫ్‌లో గీతలు ఏడాదంతా ఉన్నాయి. నిజంలో అవి ఏడాదికి కొన్ని రోజులే ఉంటాయి. చెరువు నిండి మత్తడి దుంకినప్పుడే కింది చెరువుకు వాగు పారుతుంది (కోస్తా వాళ్లు అలుగు పారింది అంటారు). మత్తడి ఆగిన నాడు ఆ గీత లేదు. తూము నీళ్లు పొలాలకు పోతాయి, వాటిని ఈ లెక్కలో కలపొద్దు.

మూడు చెరువులు తీసుకుందాం. పైది ఊరచెరువు, నడిమిది కొత్తచెరువు, కిందిది పెద్దచెరువు. పేర్లు ఊరికే పెట్టాను. జూలై 20 నుంచి 25 దాకా ఊరచెరువు మత్తడి దుంకింది. ఆ నీళ్లతో కొత్తచెరువు నిండి, ఆగస్టు 5 నుంచి 12 దాకా అది దుంకింది. మీ గ్రాఫ్ ప్రకారం మూడూ కలిసే ఉన్నాయి, చేప ఎటైనా పోవచ్చు. ఇప్పుడు తారీఖులు పట్టి చూడండి. ఊరచెరువులోని చేపపిల్ల జూలైలో కొత్తచెరువులోకి జారింది. ఆగస్టులో అక్కణ్నుంచి పెద్దచెరువుకు జారింది. కిందికి దారి ఉంది. పెద్దచెరువులోని చేప ఎదురెక్కాలంటే కొత్తచెరువు మత్తడి పారాలి, అంటే ఆగస్టు 5 దాకా ఆగాలి. అది కొత్తచెరువు చేరేసరికి ఊరచెరువు మత్తడి ఆగిపోయి పది రోజులు దాటింది. పైకి దారి లేదు.

పైచెరువు నీళ్లే కిందిది నింపుతాయి కాబట్టి మామూలు వానల ఏడాదిలో మత్తళ్లు పైనుంచి కిందికి వరుసలో దుంకుతాయి. ఆ వరుస కిందికి జారేవాటికి అనుకూలం, ఎదురెక్కేవాటికి ప్రతికూలం. భారీ వానల ఏడాదిలో మాత్రం అన్ని మత్తళ్లూ ఒకేసారి దుంకుతాయి, అప్పుడు ఆ కొన్ని రోజులు గొలుసు మొత్తం ఒకే నీరు. అంటే పైచెరువులకు ఎదురెక్కే చేప చేరేది బహుశా కొన్నేళ్లకు ఒకసారి. మీ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా కనిపించేది ఇదే. ఒక్కో గీతకు 'ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా' అని రాస్తే దాన్ని టెంపోరల్ గ్రాఫ్ అంటారు. తారీఖులు వెనక్కి పోకుండా నడిచే దారులు మాత్రమే లెక్కకు వస్తాయి. ఇరవై లైన్ల కోడ్, పెద్ద పనేం కాదు.

తారీఖులు ఎక్కడివి అంటారా? సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఐదు రోజులకోసారి, పది మీటర్ల వివరంతో దొరుకుతాయి, కానీ వానాకాలం మబ్బులు వాటిని పనికిరాకుండా చేస్తాయి. సెంటినెల్-1 రాడార్ మబ్బుల్లోంచీ చూస్తుంది, చెరువు నీటి విస్తీర్ణం దానితో తీయండి. విస్తీర్ణం పూర్తి మట్టానికి చేరి అక్కడే నిలిచిన రోజులు మత్తడి పారిన రోజులని అంచనా వేయొచ్చు. గత దశాబ్దాల ధోరణి కావాలంటే ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల నుంచి 1984 మొదలుకుని చేసిన ప్రపంచ ఉపరితల జలాల మ్యాపు ఉచితంగా ఉంది, కాకపోతే 30 మీటర్ల వివరమే. చిన్న కుంటలు అందులో సరిగా కనబడవు.

నోడ్‌కు పెట్టే బరువు కూడా మార్చండి. మీరు పూర్తి మట్టం విస్తీర్ణం పెట్టారనుకుంటాను. చేపకు కీలకం మే నెల నీళ్లు. ఎండాకాలం ఎండిపోయే చెరువు ఎంత పెద్దదైనా, వానాకాలంలో అది బయటి నుంచి వచ్చిన చేపలతోనే నిండాలి. మే చివర్లో నాలుగెకరాల మడుగు మిగిలే చిన్న చెరువే గొలుసంతటికీ విత్తనం. ఈ ఒక్క మార్పుతో మీ ర్యాంకులు తారుమారు కావచ్చు.

ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. చెరువుల్లో బొచ్చె, రవ్వ కనిపించాయని "చూశారా, కనెక్టివిటీ ఉంది" అని రాసేయకండి. మత్స్యశాఖ వాళ్లు ఏటా చేపపిల్లల్ని వ్యాన్లలో తెచ్చి చెరువుల్లో వదులుతారు. ఆ వ్యాను కూడా ఒక ఎడ్జే, మీ మ్యాపులో లేదు అంతే! మీ గ్రాఫ్ నిజమా కాదా అని పరీక్షించాలంటే ఎవరూ కొని వదలని చేపల్ని చూడండి. పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు. మే నెలలో పూర్తిగా ఎండిన చెరువులో అక్టోబరుకు పరిగెలు కనిపిస్తే అవి వాగు వెంటే వచ్చి ఉండాలి. ఎండిన చెరువులు, ఎండనివి, విడిగా ఉన్నవి కలిపి ఆరేడు చోట్ల వల వేయించుకుంటే చాలు. మత్స్యకార సొసైటీ వాళ్లతో ముందే మాట్లాడుకోండి, హక్కు వాళ్లది.

కొరమీను, మార్పు చేపలకు మాత్రం ఇదేదీ వర్తించదు. అవి గాలి పీల్చుకుంటూ తడి నేల మీద, పొలం గట్ల మీదుగా పాకుతాయి. వాటికి వాగు గీతలు చెరిపేసి, చెరువుకూ చెరువుకూ మధ్య నేల దూరంతో వేరే గ్రాఫ్ గీయాలి. దూరం పెరిగేకొద్దీ అవకాశం తగ్గేలా అంకె ఇచ్చే పద్ధతి ఉంది. సాంటియాగో సౌరా, లూసియా పాస్కువల్-హోర్టల్ 2007లో ఇచ్చిన ప్రాబబిలిటీ ఆఫ్ కనెక్టివిటీ అనే సూచిక, దానికి కోనెఫోర్ అనే సాఫ్ట్‌వేర్. ఒకే మ్యాపు, రెండు గ్రాఫులు. థీసిస్‌లో రెండూ పక్కపక్కన పెడితే మీ గైడ్ సంతోషిస్తారు.

చెక్‌డ్యామ్‌ల సంగతి. ఒక్కో అడ్డుకు 'దాటే వీలు' అని సున్నాకు ఒకటికి మధ్య అంకె ఇస్తాం, పైకి వేరు, కిందికి వేరు. పైకి 0.3, కిందికి 0.8 అనుకుంటే రెండూ గుణించి 0.24. ఇందాకటి నదిలో పది కిలోమీటర్ల దగ్గరున్న ఆనకట్టకు ఈ 0.24 ఇస్తే, సముద్రపు చేప స్కోరు పది నుంచి 31.6కు పెరుగుతుంది. నది చేపకు 82 కాస్తా 86 అవుతుంది, అంతే. అడ్డులు వరుసగా ఉంటే అంకెలన్నీ గుణించుకుంటూ పోవాలి. ఐదు చెక్‌డ్యామ్‌లు, ఒక్కోటీ 0.7. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద అడ్డుగా అనిపించదు, ఐదూ దాటే వీలు 0.17 కూడా లేదు.

ఏది ముందు తెరవాలి అన్నప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక్కోదాన్ని విడిగా తీసి చూసి ర్యాంకులు ఇచ్చేస్తారు. అదే వంద కిలోమీటర్ల నది మీద 10 దగ్గర ఒకటి, 12 దగ్గర ఒకటి, రెండూ దాటలేని గోడలు. సముద్రపు చేపకు ఇప్పుడు స్కోరు 10. పైది తీస్తే అదే 10. కిందిది తీస్తే 12. విడిగా చూస్తే రెండూ పనికిమాలిన ప్రతిపాదనలే. రెండూ కలిపి తీస్తే 100. అందుకే జంటలుగా, మూడేసిగా కలిపి చూడాలి. 23 చెరువులకు ఇది ల్యాప్‌టాప్ మీద నిమిషాల పని.

ఇలా నదిని మొత్తంగా చూసి చేసిన పనికి అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని పెనోబ్‌స్కాట్ నది మంచి ఉదాహరణ. సముద్రానికి దగ్గరగా ఉన్న రెండు ఆనకట్టలు, గ్రేట్ వర్క్స్‌ను 2012లో, వీజీని 2013లో పడగొట్టారు. ఆ పైనున్న మిల్‌ఫర్డ్ దగ్గర చేపల లిఫ్ట్ పెట్టారు. పోయిన కరెంటును వేరే ఆనకట్టల దగ్గర ఉత్పత్తి పెంచి పూడ్చుకున్నారు. అంతకుముందు దాదాపు కనబడని రివర్ హెర్రింగ్ చేపలు 2016లోనే మిల్‌ఫర్డ్ దగ్గర పది లక్షలు దాటాయి. ఇది కూడా మన ఇలసకు దూరపు చుట్టమే.

కలపడం ఎప్పుడూ మంచిదే అని మాత్రం రాయకండి. ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో వెల్లండ్ కాలువ లాంటి మార్గాల వెంట సముద్రపు లాంప్రే అనే, వేరే చేపల రక్తం పీల్చే చేప ఎగబాకి చేపల వేటనే కుప్పకూల్చింది. అక్కడ ఇప్పటికీ దాన్ని ఆపడానికే కొన్ని ఆనకట్టలు ఉంచుతున్నారు. మన దగ్గర బయటి నుంచి వచ్చిపడ్డ దెయ్యం చేపనీ, తిలాపియానీ తలచుకోండి. పైగా మన నదులు పేరుకే ట్రీలు. గోదావరి ఏలూరు కాలువ, కృష్ణా ఏలూరు కాలువ ఏలూరులో కలుస్తాయి. 2015 నుంచి పట్టిసీమ పంపులు గోదావరి నీటిని ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోకి పోస్తున్నాయి. అది ఒకవైపే పోయే గీత. పెద్ద చేప పంపు దాటి బతకడం కష్టం, గుడ్లూ పిల్లలూ మాత్రం దాటవని ధీమాగా చెప్పలేం. మీ చెరువుల్లో దేన్నైనా ఎత్తిపోతల కాలువతో నింపుతుంటే దాన్ని కూడా గీయండి, లేకపోతే మీ ట్రీ అబద్ధం.

డేటా గురించి నా అవమానం ఒకటి చెప్పుకుంటాను. ఒక వాగు మీద పనిచేస్తున్నప్పుడు నా లెక్కలో ఒక చెక్‌డ్యామ్‌కు మొదటి ర్యాంకు వచ్చింది. రిపోర్టు దాదాపు రాసేశాక ఎందుకో అనుమానమొచ్చి చూడటానికి వెళ్లాను. ఆ చెక్‌డ్యామ్ అసలు వాగు మీద లేదు, పక్కనుంచి వచ్చే చిన్న ఒర్రె మీద ఉంది, దానికి పైన అరకిలోమీటరు కూడా నీళ్లు లేవు. జీపీఎస్ పాయింటు రెండొందల మీటర్లు అటుగా ఉండేసరికి సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరున్న పెద్ద గీతకు అతికించేసింది. నా వెంట వచ్చిన ఊరాయన "దీని కోసమా సార్ ఇంత దూరం వచ్చింది" అన్నాడు. అప్పట్నుంచి పైపది ర్యాంకుల్నీ కాళ్లతో నడిచి చూడకుండా ఎక్కడా రాయను.

దీనికి ఉల్టా తప్పు, ఉన్న అడ్డులు మ్యాపులో లేకపోవడం. యూరప్‌లో కొన్ని నదుల వెంట నడిచి లెక్కపెట్టి, దాన్నిబట్టి అంచనా వేస్తే కనీసం 12 లక్షల అడ్డులు తేలాయని 2020లో ప్రచురించారు, వాటిలో ఎక్కువ భాగం రెండు మీటర్ల లోపువి. మన దగ్గర లో-లెవెల్ కాజ్‌వేలు, రోడ్డు కింద గొట్టాలు, కింది మట్టం కోసుకుపోయి గాలిలో వేలాడే కల్వర్టులు ఏ ప్రభుత్వ మ్యాపులోనూ అన్నీ ఉండవు. మత్తడి గోడ ఎత్తు కూడా టేపు పెట్టి కొలవండి. ఏటవాలు రాతి కట్టడమైతే పరిగెల్లాంటి చిన్న చేపలకు ఎదురెక్కే అవకాశం ఎక్కువ, నిలువు గోడైతే కష్టం. మరమ్మతుల్లో పాత ఏటవాలు మత్తడి తీసేసి నిలువు కాంక్రీటు గోడ కట్టి ఉంటే, తారీఖుతో సహా రాసుకోండి.

దాటే వీలుకు మీరిచ్చే అంకెలన్నీ ఊహలే అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ఊహలేనని ఒప్పుకోండి. ప్రతి అంకెనూ 0.1 నుంచి 0.9 దాకా మార్చి వెయ్యిసార్లు లెక్క నడపండి. ఎలా మార్చినా పైన ఉండే చెరువులేవో, అంకెను బట్టి ఎగిరి పడేవేవో విడిగా చూపించండి. మొదటి రకం గురించి గట్టిగా మాట్లాడండి, రెండో రకం దగ్గర కొలతలు కావాలని రాయండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే. మీకు పైథాన్ అలవాటు కాబట్టి అందులోనే ఉండండి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రివర్‌కాన్ అని ఈ సూచికలన్నీ ఉన్న ప్యాకేజీ ఉంది, మీ జవాబు సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

మిగిలింది ఫీల్డ్. వానలకు ముందే వెళ్లండి, మే మడుగులు అప్పుడే కనిపిస్తాయి. ఊళ్లో నీరటి (చెరువు నీళ్లు వదిలే మనిషి) ఎవరో కనుక్కుని ఆయన దగ్గర ఒక పూట కూర్చోండి. ఏ చెరువు ముందు దుంకుతుంది, దేని తర్వాత ఏది, ఏ ఏడు అన్నీ ఒకేసారి దుంకాయి, చేపలు ఎదురెక్కేటప్పుడు జనం ఏ మత్తడి దగ్గర వలలు పడతారు అని అడగండి. ఏ మత్తడి దగ్గర వల పట్టరో కూడా అడగండి. ఆ జవాబును మీ రాడార్ తారీఖుల పక్కన రాసుకుని, రెండూ ఎక్కడ కుదరలేదో ఇక్కడ పెట్టండి, చూద్దాం.